తిరుపతి గంగమ్మ జాతర



తిరుపతి పేరు చెవిని బడినతోడనే మన మనస్సు కొండమీదికి పోవును. ఏడుకొండలు, బంగారు గోపురము, గోవిందనామస్మరణము, తలనీలాలు, లడ్డు ప్రసాదము, ఇవియే మనకు గుర్తునకు వచ్చును. రైలు దిగి, కొండయెక్కి, స్వామిని సేవించి, క్రిందికి వచ్చి తిరుచానూరిలో అలమేలుమంగమ్మకు కుంకుమ సమర్పించి, మరల రైలెక్కుటతో యాత్ర ముగిసినదని తలంతుము. కొండక్రింది యూరికిగూడ ఒక తల్లి యున్నదనియు, ఆ యూరి యాడువారు కష్టము వచ్చినపుడు మొదట తలచునది ఆమెనే యనియు దూరదేశమునుండి వచ్చు యాత్రికులలో పలువు రెఱుగరు. ఆమెయే తాతయ్యగుంట గంగమ్మ. ఆమె కేటేట జరుగు జాతరనుగూర్చి, అందు మన యాడువారికి గల పాలునుగూర్చి యీ వ్యాసమున ముచ్చటించెదను.

గుంట యనగా చిన్న చెరువు. మన దేశమున గ్రామదేవత తఱచుగా చెరువుకట్టమీదనో, పొలిమేరయందో, వేపచెట్టు నీడనో వెలసియుండుట మీ రెఱిగినదే. గంగ యన్న పేరే నీటిపేరు. ఎండలు మండు రాయలసీమలో నీటిపేరుగల తల్లిని నీటియొడ్డున నిలిపి కొలుచుట సహజమేగదా. నేడు తిరుపతి పెద్ద నగరము. 2022 ఏప్రిలు నుండి ఒక జిల్లాకు ముఖ్యపట్టణము. గంగమ్మ కొలువున్న చోటు ఇండ్లనడుమ, అంగళ్లనడుమ ఇమిడిపోయినది. అయినను మంగళవారమునాడు ఉదయమున గుడికి పోయినవారికి ఇది పల్లెటూరి గుడియే యని తోచును. తడితలలతో వచ్చిన యాడువారు పసుపు, కుంకుమ, వేపమండలు, నిమ్మకాయలు, టెంకాయ చేతబట్టుకొని నిలిచియుందురు. ఒకతె చంకలో జ్వరము తగ్గిన బిడ్డ; ఒకతె చేతిలో పెండ్లిపత్రిక; మఱియొకతె ఏమియు చెప్పక కన్నీరు తుడుచుకొనుచుండును. పెద్ద దేవళములలోవలె ఇచట స్తోత్రములు రావలెనన్న నియమము లేదు. తల్లితో మాటలాడినట్లు తమ బాధలను తామే చెప్పుకొందురు.

ఇట్టి దేవతలు మనకు ఊరూరను గలరు. పోలేరమ్మ, మారెమ్మ, ఎల్లమ్మ, అంకాళమ్మ, నూకాలమ్మ, పెద్దమ్మ, ఇట్లు చెప్పబోయిన పేర్లకు తుద లేదు. చెన్నపురిలో బిషప్పుగా నుండిన హెన్రీ వైట్‌హెడ్ అను ఆంగ్లేయుడు 1916వ సంవత్సరమున దక్షిణదేశ గ్రామదేవతలనుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఈ దేవతలు దాదాపుగా అందఱును స్త్రీలేయనియు, వీరి పూజారులు సాధారణముగా బ్రాహ్మణేతరులనియు, వీరి యధికారము లోకమంతటిమీదను గాక ఒక్కొక్క యూరి బాగోగులమీద నుండుననియు నతడు గుర్తించెను. పరమతస్థుడగుటచే మన యాచారముల నతడు సానుభూతితో చూడజాలకపోయినను, ఈ మూడు మాటలు మాత్రము నిజములు. వాన కురియవలెనన్నను, పసులు బ్రతుకవలెనన్నను, అంటురోగము ఊరు దాటిపోవలెనన్నను గ్రామస్థుడు వేడుకొనునది తన యూరి తల్లినే.

ఈ తల్లులు ఎట్లు వెలసిరని యడిగినచో ఒక్కటే సమాధానము లేదు. కొందఱు రాతిగుండుగా, పుట్టగా, చెట్టుగా మొదలై, పిమ్మట కన్నులు, నోరు గల మూర్తులైరి. కొందఱు ఒకప్పుడు మనవలెనే బ్రతికిన యాడువారు. విజయనగరపు పైడితల్లి యిందులకు నిదర్శనము. 1757వ సంవత్సరము జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధమువలన తన యన్న విజయరామరాజు మరణించెనని దుఃఖించి ప్రాణములు విడిచిన రాచబిడ్డయే ఆమె యని యచటివారు నమ్ముదురు. దసరా వెళ్లిన పిదప మంగళవారమున ఆమెకు సిరిమాను ఉత్సవము చేయుదురు. మఱికొందఱు దేవతలు రోగమునకు అధిష్ఠాత్రులు. తిరుపతి గంగమ్మలో ఈ పాయలన్నియు కలిసినవి. ఆమె నీటిగంగ, ఆమె రోగములను మాన్పు తల్లి, ఆమె కథలో ఒక మానవకన్యయు గలదు. అంతేకాదు, ఆమె వేంకటేశ్వరుని చెల్లెలు.

ఈ చుట్టరికము సామాన్యమైనది కాదు. కొండమీది స్వామి వైకుంఠనాథుడు, వేదవేద్యుడు. క్రింద నున్నది అంబలి త్రాగు ఊరితల్లి. వీరిరువురకు సంబంధ మెక్కడిదని పండితులు ప్రశ్నింపవచ్చును. కాని జనులు ఆ ప్రశ్న వేయక, ఇంటి లెక్క చూచుకొనిరి. పెద్దవాడు అన్న, ఊరిలో నిలిచినది చెల్లెలు. చెల్లెలికి పండుగ వచ్చినచో పుట్టింటినుండి సారె రావలదా? కావుననే ప్రతి యేడును జాతర దినములలో తిరుమల తిరుపతి దేవస్థానమువారు స్వామి పక్షమున పట్టుచీర, పసుపు, కుంకుమలను మేళతాళములతో గంగమ్మకు సమర్పింతురు. శాస్త్రములు కలుపలేని రెండు మతమార్గములను ఒక సారెపళ్లెము కలిపినది! పుట్టింటి సారెకై వీధివైపు చూచిన ప్రతి యాడుపడుచునకును దీని యర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక గంగమ్మ కథ. తిరుపతికి ప్రక్కనే అవిలాల యను ఊరు గలదు. ఆ యూరి పొలములో దొరికిన పసిబిడ్డను ఒక కుటుంబమువారు పెంచిరి. ఆ కాలమున తిరుపతిని ఒక పాళెగాడు ఏలుచుండెను. వాడు పరమదుర్మార్గుడు. ఊరిలో ఏ కన్యకు పెండ్లియైనను ఆమె మొదటిరాత్రి తనయొద్దకు రావలెనని శాసించెను. తండ్రులు, అన్నలు, మగలు వానికి వెఱచి నోరు మెదపలేకపోయిరి. గంగమ్మ యెదిగి వయసుకు వచ్చినపుడు వాని కన్ను ఆమెమీదను పడినది. వాడు చేయి పట్టబోగా ఆమె తన నిజరూపము చూపెను. వాడు గడగడ వణకి పాఱిపోయి యెక్కడనో దాగెను. వానిని వెదకుచు గంగమ్మ దినమునకొక వేషము వేసికొని వీధివీధి తిరిగెను. తుదకు ఆమె దొరవేషమున వచ్చినపుడు, తనకంటె గొప్ప దొర యెవడో వచ్చెనని నమ్మి వాడు బయటికి వచ్చెను. ఆమె వాని శిరస్సు ఖండించెను.

ఈ కథ చరిత్రలో నెప్పుడు జరిగినదని యడుగుట కంటె, ఇది యేమి చెప్పుచున్నదని యడుగుట మేలు. ఊరిలోని మగవారందఱు చేతకానివారై యున్నపుడు ఆడుదాని మానము కాపాడుటకు ఆడుదియే లేచినది. ఆమె ఎవనిని పంపుమని వేడలేదు, ఎవని భార్యగనో, ఎవని తల్లిగనో రాలేదు, తానై వచ్చినది. ఆమె చేసిన పనివలన ఊరికంతకు రక్ష కలిగినది. ఆడువారి మానమే ఊరి క్షేమమని మన పూర్వులు ఒక కథగా చెప్పి, ఏడు దినముల పండుగగా నిలిపిరి. జాతరలోని ప్రతి యంగమును ఈ మాటకు వ్యాఖ్యానమే.

జాతర సాధారణముగా మే నెలలో, ఎండలు ముదిరినపుడు వచ్చును. మొదట ఒక మంగళవారమున చాటింపు వేయుదురు. గుడి యెదుట కొడిస్తంభమను రాతికంబ మొకటి గలదు. దానికి పాలతో, పసుపునీటితో అభిషేకము చేసి, పసుపు, కుంకుమ పూసి, చీరచుట్టి యలంకరింతురు. నాటిరాత్రి ఊరి పొలిమేరలవఱకు పోయి జాతర వచ్చినదని చాటుదురు. చాటింపు పడిన పిదప ఊరివారు జాతర ముగియువఱకు రాత్రులందు పొలిమేర దాటి యుండరాదని పూర్వనియమము. పొరుగూరికి పనిమీద పోయినవారును రాత్రికి ఇల్లు చేరవలెను. తల్లి ఊరేగుచుండగా బిడ్డ లిండ్లలో నుండవలెనని దీని భావము. ఆడుబిడ్డలను, మనుమలను రప్పించుకొనుటకును ఇదియే సమయము.

మఱునాటినుండి గంగమ్మ వేషములు మొదలగును. వీనిని వేయు హక్కు కైకాల కులమువారిది. బుధవారమున బైరాగివేషము, ఒడలంతయు తెల్లని నామపుసుద్ద పూసికొందురు. గురువారమున బండవేషము, ఒడలంతయు కుంకుమ. శుక్రవారమున తోటివేషము, ఒడలంతయు నల్లని బొగ్గుపొడి, చేతుల వేపమండలు. శనివారమున దొరవేషము, ఒడలంతయు చందనము, మెడలో నిమ్మకాయలు, వేపాకుల దండలు. దొర ప్రక్కను మంత్రివేషమున చాకలి నడచును. ఆదివారమున మాతంగి; చీరకట్టి స్త్రీరూపమున వచ్చును. పాళెగాడు చచ్చిన పిదప వాని భార్యను ఓదార్చుటకు గంగమ్మ ఈ రూపమున పోయెనని చెప్పుదురు. దుష్టుని చంపిన చేతులతోనే వాని యిల్లాలి కన్నీరు తుడిచినదన్నమాట! సోమవారమున సున్నపుకుండలు, సున్నము పూసి కుంకుమచుక్కలు పెట్టిన కుండలను తలపై నిలుపుకొని యాడుదురు. మంగళవారము జాతర.

ఈ వేషములలో తెలుపు, ఎఱుపు, నలుపు, పసుపువన్నె చందనము వరుసగ వచ్చుట గమనింపుడు. బైరాగి సన్న్యాసి, తోటి ఊరి సేవకుడు, దొర ప్రభువు. సంఘములో పైనుండి క్రిందివఱకు ఏ మెట్టునందైనను ఆమె నిలువగలదు. ఇంటింటికి ఆ వేషధారి వచ్చినపుడు గృహిణి గడపలో నిలిచి కాళ్లపై నీళ్లుపోసి, పసుపు పూసి, హారతి యిచ్చును. తోటి యైనను, దొర యైనను ఆ నీళ్లు, ఆ పసుపు ఒక్కటే. బండవేషమునాడు వీధులలో పిల్లలును, యువకులును దుర్భాషలాడుచు తిరుగుట యొక యాచారము. దాగిన పాళెగానికి రోసము పుట్టించి బయటికి రప్పించుటకే యీ తిట్లని చెప్పుదురు. వినుటకు కష్టముగానే యుండును. కాని ఆ తిట్లన్నియు ఆడువారిమీద కన్ను వేసిన వానికే చెందవలెనన్న సంగతి తిట్టువారు మఱవకుండుట ముఖ్యము.

యాత్రికుల కన్నింటికంటె వింతగ తోచునది పురుషుల స్త్రీవేషము. కైకాలవారే కాదు, మ్రొక్కుకొన్న మగవారెవరైనను ఈ దినములలో చీరకట్టి, రైకతొడిగి, జడవేసి, పూలుముడిచి, గాజులు వేసికొని గుడికి వత్తురు. మీసముల నొకవైపు దువ్వుకొనుచు అంగడిలో కూర్చుండు వర్తకుడు, బడికి పోవు బాలుడు, ఉద్యోగస్థుడు, అందఱును నాడు అమ్మవారి యాడుబిడ్డలే. వీరిని ముస్తాబు చేయువారెవరు? తల్లులు, అక్కలు, భార్యలు. తమ పెట్టెలనుండి పట్టుచీరలు, గొలుసులు తీసి, కుచ్చెళ్లు సరిచేసి, కాటుకపెట్టి పంపుదురు. నడక తడబడినచో నవ్వుదురు. చీర జాఱినచో సవరింతురు. ఏడాది పొడుగున ఇంటి యజమానియైన మగడు ఆ గంటసేపు ఇల్లాలి చేతిక్రింద బొమ్మవలె నిలుచుండును.

అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నిర్వహించిన జాయిస్ ఫ్లూకిగర్ అను విదుషీమణి తిరుపతిలో పలుమారులు నివసించి, ఈ జాతరను, గంగమ్మను సేవించు స్త్రీపురుషులను శ్రద్ధతో పరిశీలించి, 2013వ సంవత్సరమున ఒక గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథనామమునకు “లోకము స్త్రీమయమైన వేళ” యని యర్థము చెప్పుకొనవచ్చును. గంగమ్మ యుగ్రరూపము నెదుట నిలువవలెనన్న పురుషుడు రూపము మార్చుకొనవలసియున్నది. స్త్రీకి ఆ యవసరము లేదు, ఆమెలో నా శక్తి మొదటినుండియు నున్నది యని ఆమె యభిప్రాయము. మనము నిత్యము చూచుచున్నదానినే దూరదేశపు సోదరి మనకు చూపినది. వేషము వేయవలసినది మగవాడు. వేషము లేకయే వచ్చునది ఆడుది.

వీధిలో ఇంత సందడి జరుగుచుండగా ఇంటిలో జరుగు పూజ నెవరును చిత్రములుగా తీయరు. కాని జాతరకు ప్రాణ మదియే. ముందునాడే రాగిపిండి నీళ్లలో కలిపి పులియబెట్టుదురు. నూకలు ఉడికించి, అందు ఆ పిండి పోసి, ఉండకట్టకుండ కలియబెట్టి అంబలి కాచుదురు. చల్లారిన పిదప మజ్జిగపోసి, ఎఱ్ఱగడ్డలు తఱిగి వేయుదురు. గడపకు పసుపు, గుమ్మమునకు వేపమండలు. ఇంటిలో తల్లికి నివేదన చేసి, పిదప వాకిట కుండ పెట్టి దారినిపోవువారి కెల్లరకు ముంతలతో పోయుదురు. గుడి ముంగిట మూడిటుకల పొయ్యిపై పొంగలి వండుటయు స్త్రీలదే. ఒకే యావరణలో వందలకొలది పొయ్యిలు వెలుగును. ఒకతె నిప్పు మఱియొకతె పొయ్యికి పోవును. ఒకతె గరిటె మఱియొకతె చేతికి వచ్చును. పొంగు వచ్చినపుడు వినబడు సంతోషధ్వనిలో ఎవరు ధనికులో, ఎవరు పేదలో తెలియదు.

ఈ యంబలిలోని వివేకమును మనము గమనింపవలెను. గంగమ్మ యుగ్రస్వరూపిణి, ఆమె వేడిని చల్లార్చుటయే పూజ. మే నెలలో భూమియు వేడియే. మన యొడలును వేడియే. పులిసిన రాగియంబలి, మజ్జిగ, ఎఱ్ఱగడ్డ ఎండదెబ్బకు పల్లెవారు వాడు చలువ పదార్థములే. అవియే నైవేద్యమైనవి. దేవతకు చలువ చేయుమన్న నెపమున ఊరిలోని నిరుపేదకును ఆ వారమంతయు చల్లని యంబలి దొరకినది. ఇంటి వైద్యము, దానధర్మము, భక్తి యను మూడును ఒక కుండలోనే ఉడికినవి.

రోగముల విషయమునను ఇట్లే. మశూచికము ఊరిలో ప్రవేశించినపుడు మన పూర్వులు రోగమనక, అమ్మవారు పోసినదనిరి. రోగిని వేఱొక గదిలో పరుండబెట్టి, గుమ్మమున వేపమండలు కట్టిరి. ఆ మండలు చూచినవారు లోనికి రారు. ఇంటిలో తాళింపు పెట్టరు; చల్లని పదార్థములే పెట్టుదురు; తగ్గినపిమ్మట పసుపు, వేపాకు వేసిన నీళ్లతో తలంటుదురు. అంటురోగియింటికి పోరాదని ఆజ్ఞాపించినచో విననివారు అమ్మవారి యాజ్ఞ యన్నచో వినిరి. రోగికి సేవ చేయు తల్లికిని, ఇది శాపము కాదు, దేవత యింటికి వచ్చినదను ధైర్యము కలిగినది.

అయినను వేపమండ మశూచికమును మాన్పలేదన్నమాటయు మనము నిర్భయముగా చెప్పుకొనవలెను. దానిని నిర్మూలించినది టీకాయే. 1798వ సంవత్సరమున ఇంగ్లండులో జెన్నరు దొర ప్రకటించిన గోమసూరి టీకా 1802లో హిందూదేశమునకు వచ్చినది. ఇంటింటికి తిరిగి టీకాలు వేసిన వేలకొలది యారోగ్యోద్యోగుల శ్రమవలన 1975వ సంవత్సరముతో మన దేశమున ఆ రోగ మంతరించినది. 1980లో ప్రపంచారోగ్యసంస్థ లోకమంతట అది నశించెనని ప్రకటించెను. మఱి రోగము పోయినపిమ్మట తల్లి పోయినదా? పోలేదు. జాతరకు జన మింకను పెరిగినది. నేటి తల్లులు బిడ్డ పరీక్షలకొఱకు, కుమారుని యుద్యోగముకొఱకు, కుమార్తె కాపురముకొఱకు మ్రొక్కుచున్నారు. భయమొక్కటియే ఈ భక్తికి మూలమైనచో భయకారణముతో పాటు భక్తియు పోవలసినది. అట్లు కాలేదు గావున, దీనికి మూలము ఇంకను లోతుగా నున్నదని తెలియుచున్నది. తన మాట విను ఒక తల్లి తన యూరిలోనే యున్నదను నమ్మకమే ఆ మూలము.

జాతర చివరిరాత్రి గుడియెదుట మట్టితో గంగమ్మ విశ్వరూపమును నిలుపుదురు. పెద్ద కన్నులతో, బయటికి వచ్చిన నాలుకతో, ఆ మూర్తి చూపరుల గుండెలదరించును. పంబలవారి వాద్యములు మ్రోగుచుండును. బుధవారము తెల్లవాఱక మునుపే, పేరంటాలు రూపమున వచ్చిన వేషధారి ఆ మట్టిముఖమును ఖండించును. దీనినే చెంప నఱకుట యందురు. చూచుచుండగనే ఆ మహారూపము మట్టియై పోవును. ఆ మట్టికొఱకు జనులు త్రొక్కులాడుదురు. కొంచెము దొరికినచో కొంగున ముడివేసికొని యింటికి తెచ్చి, పూజాస్థానమున దాచుకొని, బిడ్డకు బాగులేనినాడు నుదుట పెట్టుదురు. అంతటి యుగ్రము ఎల్లకాలము వీథిలో నిలువరాదు; అట్లని పూర్తిగా పోనురాదు. కావున అది ముక్కలై ఇంటింటికి చేరి, మరుసటి యేటివఱకు ఆడువారి కొంగుముడిలో నిలిచియుండును.

కాలము మారినకొలది గుడియు మారుచున్నది. ఒకప్పటి చిన్నగుడి యిటీవలి సంవత్సరములలో రాతికట్టడముతో విశాలముగ పునర్నిర్మింపబడినది. వరుసలకు కటకటాలు వచ్చినవి, కాపలాభటులు వచ్చిరి. జంతుబలుల విషయమున 1950లోనే చెన్నరాష్ట్రమున నిషేధశాసనము వచ్చినది. గుమ్మడికాయ కొట్టి మ్రొక్కు తీర్చుకొనువారును గలరు. ఇవన్నియు మంచిమార్పులో, కావో యని తర్కింపవచ్చును. గుడి శుభ్రముగ, విశాలముగ నుండుట మంచిదే. కాని తల్లికి తన చేతితో పసుపు పూయు హక్కును, తన పొయ్యిమీద పొంగలి వండు హక్కును స్త్రీలు క్రమముగ కోల్పోయి, కటకటాల వెనుక నిలిచి చూచువారుగా మాత్రమే మిగిలినచో, గోపురము పెరిగినను జాతర తఱుగును. పొయ్యిలకు చోటుంచని విస్తరణము ఈ మతమునకు విస్తరణము కాదు.

మఱియొక విషయము చెప్పక తప్పదు. ఇంతవఱకు గంగమ్మ మహిమను చెప్పుకొంటిమి. ఆ మహిమ పేరిటనే ఆడుబిడ్డకు జరిగిన యన్యాయమునుగూడ చెప్పుకొననిచో మన భక్తి యసత్యమగును. చిత్తూరు సీమయందు బీదలైన దళితకుటుంబములలో, బిడ్డకు జబ్బు చేసినపుడు, బ్రతికినచో ఆ పిల్లను మాతమ్మకు విడిచెదమని మ్రొక్కుకొను దురాచార ముండెను. అట్లు దేవతకు విడువబడిన బాలికకు పెండ్లి లేదు, అండ లేదు. పేరునకు దేవతసొత్తు, వాస్తవమున బలవంతుల పాలు. జోగిని, బసివి యను పేర్లతో ఇతర సీమలందు గలదియు నిదియే. 1947లో చెన్నరాష్ట్రమున దేవదాసీ నిషేధశాసనము వచ్చినది. 1988లో ఆంధ్రప్రదేశమున వచ్చిన శాసనము బసివి, జోగిని, పార్వతి, మాతమ్మ, త్యామ్మ యను పేర్లను విడివిడిగా చెప్పి, అట్లు విడుచుట నేరమని నిషేధించినది. శాసనము వచ్చినంతనే ఆచార మొక్కరోజున మాయదు. ఆ బాలికలకు చదువు, జీవనము, పెండ్లి కలిగినప్పుడే మాయును.

ఇపుడు గంగమ్మ కథను మరల తలచుకొనుడు. పాళెగాడు ఏమి కోరెను? ఊరి యాడుబిడ్డలు తన సొత్తు కావలెనని కోరెను. గంగమ్మ యేమి చేసెను? వాని తల నఱకెను. అట్టి తల్లి పేరిటనే పేదింటి పిల్లను ఊరిసొత్తు చేయుట గంగమ్మ పూజయా, పాళెగాని పూజయా? ఈ ప్రశ్న నడుగుటకు మనము మతమును విడువ నక్కఱలేదు. ఆ మతమే మన చేతి కీ ప్రశ్న నిచ్చుచున్నది. జానపదుల మతము మూఢమని త్రోసివేయువారును, పాతదంతయు పవిత్రమని నెత్తిన పెట్టుకొనువారును ఇచట పొరబడుదురు. దాని కథయే దానికి కొలత. ఏ యాచారము ఆ కథకు సరిపోవునో దానిని నిలుపుకొనవలెను. ఏది దానికి విరుద్ధమో దానిని విడువవలెను. బిడ్డకు జ్వరము వచ్చినపుడు తల్లికి మ్రొక్కి, ఆ వెంటనే వైద్యునియొద్దకు కొనిపోవుట కథకు సరిపోవును. బిడ్డనే మ్రొక్కుగా చెల్లించుట సరిపోదు.

తిరుపతికి యాత్ర పోదలచిన సోదరీమణులకు రెండు మాటలు. పూర్వము కొండయెక్కుటకు ముందు గంగమ్మను దర్శించు ఆచార ముండెడిదని ఊరి పెద్దలు చెప్పుదురు. మీకును వీలైనచో అట్లే చేయుడు. జాతర దినములు కాకున్నను మంగళ, శుక్రవారములలో పోయినచో స్థానికస్త్రీల పూజ చూడగల్గుదురు. జాతరకే పోవువారు పసిపిల్లలను చివరిరాత్రి త్రొక్కిడిలోనికి తీసికొనిపోకుడు. ఎండవేళ తలపై కొంగు, చేత నీళ్లు మఱవకుడు. వాకిటి కుండయొద్ద ఎవరైన అంబలి పోసినచో వలదనకుడు; అది ప్రసాదము. స్త్రీవేషమున వచ్చు మగవారిని చూచి హేళన చేయకుడు. వారు మ్రొక్కు చెల్లించుచున్నారు. అన్నిటికంటె ముఖ్యముగా, పొంగలి పొయ్యిలయొద్ద కొంతసేపు కూర్చుండి, అచటి యాడువారితో మాటలాడుడు. వారు చెప్పు కథలో ఒక్కొక్కరికి ఒక్కొక్క తేడా యుండును. అందేది నిజమని వాదింపకుడు.

గ్రంథమునందు వ్రాయబడని మతము ఎక్కడ నిలిచియుండునని యడిగినచో, తల్లి కూతునకు నేర్పు పనిలో నిలిచియుండునని చెప్పవలెను. అంబలి యెట్లు కాచవలెనో, ఏ నాడు గడపకు పసుపు పూయవలెనో, గంగమ్మ యెందుకు దొరవేషము వేసెనో తల్లి చెప్పినచో కూతునకు తెలియును. చెప్పనిచో ఒక తరములో మఱుగుపడును. కనుక మన బిడ్డలకు అంబలి కాచుట నేర్పుదము. దానితోపాటు కథను పూర్తిగా చెప్పుదము. ఆడుబిడ్డకు చెప్పినపుడు, నీ మానమును ఊరంతయు కాపాడవలసినదని చెప్పుదము. మగబిడ్డకు చీరకట్టి గుడికి పంపునపుడు, ఈ చీర కట్టినవారియెడ ఏడాది పొడుగున నీవెట్లు మెలగవలెనో తెలిసికొనుటకే యీ వేషమని చెప్పుదము. అట్లు చెప్పిన యింట గంగమ్మ జాతర ఏడు దినములతో ముగియదు.